స్లీప్ 60 ముహూర్తం

లినక్స్ సర్వర్ల నిర్వహణలో ముహూర్తాలకు చోటు లేదనుకునేవారు, ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్కు తాళం దూరం నుంచి తీశాక సర్వీసులను ప్రారంభించేందుకు వాడుకలో ఉన్న ఒక పద్ధతిని పరిశీలించవలసి ఉంది. స్టార్టప్ స్క్రిప్టులో 'స్లీప్ 60' అనే ఆజ్ఞ చేర్చితే యంత్రం అరవై సెకన్లు ఊరకుండి, ఆపైన డేటాబేస్‌ను లేపుతుంది. ఆలోగా నిర్వాహకుడు ఎస్‌ఎస్‌హెచ్ అనే సురక్షిత మార్గంలో లోపలికి వచ్చి పాస్‌ఫ్రేజ్ టైపు చేసే ఉంటాడని ఈ శాస్త్రం నమ్మకం. కరెంటు తెల్లవారుజామున మూడింటికి పోయి వచ్చినా, నిర్వాహకుడు సిగ్నల్ అందని రైల్లో ఉన్నా ముహూర్తం మారదు. శంక గలవారు 60ని 120 చేసుకుని నిశ్చింతగా ఉంటారు.

2004లో క్లెమెన్స్ ఫ్రూవిర్త్ రూపొందించిన లక్స్ అనే డిస్కు ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో డిస్కు అసలు తాళంచెవి ఆ డిస్కు శీర్షభాగంలోనే ఉంటుంది గాని, పాస్‌ఫ్రేజ్ లేనిదే అది తెరుచుకోదు. ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న డిస్కే ఎన్‌క్రిప్ట్ అయితే, బూట్ తొలిదశలో డ్రాప్‌బేర్ అనే చిన్న ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ద్వారా పాస్‌ఫ్రేజ్ అందేదాకా యంత్రమంతా ఆగుతుంది కనుక ముహూర్తంతో పని లేదు. డేటా డిస్కు ఒక్కటే తాళంలో ఉన్నచోటనే చిక్కు.

అరవై సెకన్లు గడిచి, డిస్కు మాత్రం తెరుచుకోకపోతే, దానిని అమర్చవలసిన (మౌంట్ చేయవలసిన) చోట ఒక ఖాళీ డైరెక్టరీ ఉంటుంది. డాకర్ అనే కంటైనర్ వ్యవస్థలో నడిచే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఇమేజ్ ఆ ఖాళీని చూసి కంగారుపడదు. కొత్త డేటాబేస్‌ను సృష్టించుకుని, అప్లికేషన్ చేత పట్టికలు వేయించుకుని, ఆనాటి లావాదేవీలను వినయంగా స్వీకరిస్తుంది. తరువాత నిర్వాహకుడు మేల్కొని తాళం తీస్తే, అసలు డిస్కు ఆ డైరెక్టరీ మీద వచ్చి కూర్చుంటుంది, కొత్త డేటా దాని అడుగున పడుతుంది, డేటాబేస్ మాత్రం అడుగున ఉన్నదానిలోనే రాస్తూ పోతుంది. వ్యావహారిక సత్యం వేరు, పారమార్థిక సత్యం వేరు అని శంకరులు చెప్పినదానికి ఇంతకంటే సులభమైన ఉదాహరణ వేదాంత గ్రంథాలలో దొరకదు. సర్వీసును రీస్టార్ట్ చేయగానే ఆనాటి లావాదేవీలు మాయమై పాత డేటా ప్రత్యక్షమవుతుంది. దానిని చూసి అంతా సర్దుకుందని సంతోషించేవారూ ఉన్నారు.

లినక్స్‌లో సర్వీసులను ప్రారంభించే వ్యవస్థగా 2010లో వచ్చిన సిస్టమ్‌డీ ఇటువంటి చోట్ల గడియారాన్ని కాక సంఘటనను నమ్ముకోమంటుంది. సర్వీసు వివరాలుండే యూనిట్ ఫైలులో 'రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్' అని డైరెక్టరీ పేరు రాస్తే, అక్కడ మౌంట్ కావలసిన డిస్కు మౌంట్ కానిదే సర్వీసు కదలదు. ఆ డిస్కు మీద ఆధారపడినవాటన్నిటినీ ఒక 'టార్గెట్' కింద చేర్చితే, తాళం తీశాక ఒక్క ఆజ్ఞతో అన్నీ లేస్తాయి. ఇది మరీ క్లిష్టమని ముహూర్తవాదుల అభ్యంతరం. వారిలో కొందరు అదే డిస్కును ఎఫ్‌స్ట్యాబ్ అనే మౌంట్ల పట్టికలో 'నోఫెయిల్' అనే మాట లేకుండా రాస్తారు. అప్పుడు యంత్రం 90 సెకన్లు చూసి ఎమర్జెన్సీ మోడ్‌లోకి జారుతుంది, ఎస్‌ఎస్‌హెచ్ లేవదు, పాస్‌ఫ్రేజ్ కంఠస్థమైన నిర్వాహకుడు బయటే నిలబడతాడు.

ఇంతకంటే ముందుకు వెళ్లిన శాఖ నిరీక్షణనే రద్దు చేసి, తాళంచెవి ఫైలును అదే యంత్రంలోని ఎన్‌క్రిప్ట్ కాని డిస్కులో ఉంచుతుంది. డిస్కులను ఎత్తుకుపోయినా డేటా దక్కకూడదన్నదే ఎన్‌క్రిప్షన్ ఉద్దేశం కదా అని అడిగితే, ఆ ఫైలుకు 400 అనుమతి ఇచ్చామనీ, రూట్ తప్ప మరెవరూ చదవలేరనీ జవాబు వస్తుంది. దొంగ ఆ డిస్కులను తన సొంత యంత్రానికి తగిలించి, అక్కడ కూడా సాధారణ యూజర్‌గానే లాగిన్ అవుతాడని వారి విశ్వాసం.