మైనస్ ఎనిమిదే పెద్దది సార్!

ఆరో తరగతిలో పూర్ణసంఖ్యల పాఠం వచ్చేదాకా తెలంగాణలోని గార్ల ఊరి పిల్లలకూ అంకెలకూ మధ్య ఏ పేచీ ఉండదు. మూడుకన్నా ఎనిమిది పెద్దది, ఎనిమిదికన్నా వంద పెద్దది. అలా సాఫీగా సాగిపోతున్న సంసారంలోకి ఒకరోజు లెక్కల సారు వచ్చి బోర్డు మీద అడ్డగీత గీస్తాడు. నడుమ సున్నా పెడతాడు. కుడిపక్క మామూలు అంకెలు, ఎడమపక్క అవే అంకెలకు ముందు చిన్న గీత. ఆ తర్వాత అసలు ప్రశ్న: “మైనస్ మూడు, మైనస్ ఎనిమిది, రెండిట్ల ఏది పెద్దదిరా?”

“మైనస్ ఎనిమిదే సార్!” అని క్లాసంతా ఒక్క గొంతుతో చెబుతుంది. సారు నెత్తి పట్టుకుంటాడు. ఏటా ఇదే ప్రశ్న, ఇదే జవాబు, అదే నెత్తి.

అయితే ఈ విషయంలో గార్ల పిల్లలను ఒక్కళ్లనే అనడం అన్యాయం. 2007 నవంబరులో, అప్పట్లో బ్రిటన్ జాతీయ లాటరీని నడిపిన క్యామెలాట్ సంస్థ ‘కూల్ క్యాష్’ అనే గీకుడు టికెట్టును అమ్మకానికి పెట్టింది. చలికాలం కదా అని ఆటను ఉష్ణోగ్రతల మీద అల్లారు. టికెట్టు మీద అచ్చేసిన ఉష్ణోగ్రతకన్నా గీకితే బయటపడేది తక్కువైతే డబ్బు వస్తుంది. అచ్చులో ఉన్నది మైనస్ 8. గీకితే వచ్చింది మైనస్ 6. ఎనిమిదికన్నా ఆరు తక్కువే కదా అని జనం సంబరంగా దుకాణానికి పోయారు. అక్కడి మిషన్ ఒప్పుకోలేదు. ఫోన్ల మీద ఫోన్లు, వాదనల మీద వాదనలు. చివరికి సంస్థే తట్టుకోలేక టికెట్టును వెనక్కి తీసుకుంది. వాళ్లంతా పెద్దవాళ్లు, చలికాలంలో సున్నాకు కిందికి దిగే ఉష్ణోగ్రతల మధ్యే పుట్టి పెరిగినవాళ్లు. గార్ల పిల్లవాడికి గడ్డకట్టిన నీళ్లు కనిపించేది ఫ్రిజ్ పై అరలోనే. మే నెలలో నలభై దాటే ఎండల ఊళ్లో కూర్చోబెట్టి వాడికి సియాచిన్ చలితో మైనస్‌లు చెబితే ఎక్కకపోవడంలో వింతేముంది?

తమాషా ఏమిటంటే, బడి గేటు దాటితే ఆ ఊళ్లో ఎవరూ ఈ లెక్క తప్పరు.

బోరునే తీసుకోండి. పాకాల ఏరు పక్కనే పారుతున్నా, మిర్చి చివరి తడులకు దాన్నొక్కదాన్నే నమ్ముకుని కూర్చునే రైతు ఉండడు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగే మనిషి పాయింటు చూపిస్తాడు. రాత్రిపూట బోరుబండి వస్తుంది. అడుగుకు ఇంత అని రేటు, లోతుకు పోయినకొద్దీ ఆ రేటుకూ రెక్కలు. నూరడుగుల దగ్గర తెల్లదుమ్ము లేస్తుంది. రెండొందలకూ దుమ్మే. అక్కడ నిలబడ్డ రైతుకు సారు గీసిన సంఖ్యారేఖే నిలువుగా, కేసింగ్ పైపు వెంట కిందికి దిగుతూ కనిపిస్తుంది. “కార్తీకంల అరవై ఫీట్లకే ఉండె నీళ్లు, ఇప్పుడు నూట ఎనభైకి పోయినయ్” అంటాడు. నూట ఎనభై పెద్ద అంకె కదా అని అతనికి ఎవరూ శుభాకాంక్షలు చెప్పరు. మైనస్ 60 మైనస్ 180కన్నా పైన ఉంటుందని అతను ఏ బోర్డు మీదా చూడలేదు, కరెంటు మోటరు దగ్గర చూశాడు. భూగర్భ జల శాఖవాళ్లూ ఇదే పద్ధతిలో నేలమట్టం నుంచి ఇన్ని మీటర్ల లోతు అని రాస్తారు. లోతు తొమ్మిది మీటర్ల నుంచి ఆరుకు వస్తే పేపర్లో ‘పెరిగిన నీటిమట్టం’ అని పడుతుంది. అంకె తగ్గింది, మట్టం పెరిగింది. చదివినవాళ్లలో ఒక్కరూ ఎడిటరుకు ఉత్తరం రాయరు.

అప్పుల సంగతి చెప్పనే అక్కర్లేదు. మైనస్ అంకెకు బాగా పాత వేషమే అది. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు ‘బ్రాహ్మస్ఫుట సిద్ధాంతం’ పద్దెనిమిదో అధ్యాయంలో ధనానికీ ఋణానికీ కూడిక, తీసివేత నియమాలు రాసిపెట్టాడు. రెండు ధనాలు కలిస్తే ధనం, రెండు ఋణాలు కలిస్తే ఋణం, సున్నాలోంచి ఋణాన్ని తీసేస్తే ధనం. ఈ చివరిదాని దగ్గరే పిల్లలు బోర్లా పడతారు. సున్నాలోంచి మైనస్ పోతే ప్లస్ ఎట్లయితది సార్ అని మొత్తుకుంటారు. వాళ్ల తండ్రులకు మాత్రం 2024లో అది సెల్‌ఫోన్ మెసేజీగా వచ్చింది.

ఆ ఏడాది జులై 18న తెలంగాణ ప్రభుత్వం రుణమాఫీ మొదలుపెట్టింది. ముందు లక్ష లోపు వాళ్లకు, జులై 30న లక్షన్నర లోపు వాళ్లకు, ఆగస్టు 15న ఖమ్మం జిల్లా వైరాలో సభ పెట్టి రెండు లక్షల లోపు వాళ్లకు. రెండు లక్షలు దాటిన అప్పుంటే పైమొత్తం రైతు ముందుగా కట్టాలి, అప్పుడే రెండు లక్షలు మాఫీ. ఇక చూడండి గణితం. మైనస్ 90 వేల మీదున్నవాడు సున్నాకు వచ్చాడు. మైనస్ లక్షన్నర మీదున్నవాడూ అదే సున్నాకు వచ్చాడు, కాకపోతే ఎక్కువ మెట్లెక్కి. మైనస్ 2 లక్షల 10 వేల మీదున్నవాడు పదివేలు చేతిలో పెట్టుకుని మైనస్ 2 లక్షలకు ఎక్కేదాకా అక్కడే నిలబడ్డాడు. వీళ్లందరికన్నా పాపం అనిపించేది మరొకడు. గడువు తేదీకి ముందే గొడ్డూగోదా అమ్మి బాకీ తీర్చేసి, ఎవరికీ బాకీ లేకుండా సున్నా మీద కూర్చున్న పెద్దమనిషి. సున్నాలోంచి సున్నా తీస్తే మిగిలేది సున్నాయే, దాంతో పాటు ఇంట్లో ఆడవాళ్ల సణుగుడు. అప్పు లేనివాడు అప్పున్నవాణ్ని చూసి కుళ్లుకున్న ఆ వానాకాలంలో ఏ చాయ్ హోటల్లో కూర్చున్నా పూర్ణసంఖ్యల పాఠమే నడిచింది.

ఇంత తేలిగ్గా ఒంటబట్టే సంగతిని పండితులే చాలాకాలం అనుమానంగా చూశారు. భాస్కరాచార్యుడు తన ‘బీజగణితం’లో ఒక కోతుల లెక్క ఇచ్చాడు. గుంపులో అయిదో వంతులోంచి మూడు తగ్గించి, వచ్చినదాన్ని వర్గం చేస్తే ఎంతో అన్ని కోతులు గుహలోకి పోయాయి, ఒకటి మాత్రం కొమ్మ మీద కనిపిస్తోంది, మొత్తం ఎన్ని? లెక్క చేస్తే రెండు జవాబులు వస్తాయి, 50, 5. యాభైతో పేచీ లేదు. అయిదు అనుకుంటే అయిదో వంతు ఒకటి, అందులోంచి మూడు తీస్తే మైనస్ రెండు కోతులు! లెక్క సరిపోతుంది గానీ ఇలాంటిదాన్ని జనం ఒప్పుకోరని ఆయన ఆ జవాబును పక్కనపెట్టాడు. మహా గణితవేత్త జనం మాటకు విలువిచ్చిన అరుదైన సందర్భం. ఏ ఇంటి పెంకుల మీదైనా మైనస్ రెండు కోతులు ఉండడమంటే అది వరమే తప్ప ఒప్పుకోకపోవడానికి ఏముందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

గుర్తుల దగ్గరా గందరగోళమే. 1881లో పెషావర్ దగ్గర బక్షాలీ అనే ఊళ్లో భూర్జపత్రాల గణిత గ్రంథం ఒకటి దొరికింది. అందులో ఋణసంఖ్యకు పెట్టిన గుర్తు మనం ఇవాళ ప్లస్ అంటున్న గుర్తే. పాత చైనా లెక్కల్లో ఎర్ర పుల్లలు ధనం, నల్ల పుల్లలు ఋణం. ఇవాళ్టి అకౌంటెంటు దాన్ని చూస్తే కంపెనీ మునిగిందనుకుని రాజీనామా ఇచ్చేస్తాడు.

సున్నా ఎక్కడ పెట్టాలి, ఏ వైపును ప్లస్ అనాలి అనేది మనుషులు కూర్చుని చేసుకున్న ఏర్పాటే. స్వీడన్ శాస్త్రవేత్త ఆండర్స్ సెల్సియస్ 1742లో తన కొలబద్ద తయారుచేసినప్పుడు నీళ్లు మరిగేచోట సున్నా, గడ్డకట్టేచోట వంద పెట్టాడు. 1744లో ఆయన పోయాక కొద్దికాలానికే దాన్ని తిరగేశారు. తిరగేయకుండా ఉంటే గార్లలో వడగాడ్పు వీచే 45 డిగ్రీల రోజు 55 డిగ్రీలు అయ్యుండేది, ఎండ ముదిరినకొద్దీ అంకె తగ్గేది. బస్టాండు దగ్గర మిర్చి బజ్జీలు వేసే మూకుడులో 180 డిగ్రీల దగ్గర కాగే నూనె మైనస్ 80 చూపించేది. చలిదేశాల పిల్లలకు మైనస్ అంటే ఏమిటో చెప్పడానికి సార్లు గార్ల బజ్జీల బండిని ఉదాహరణ ఇవ్వాల్సి వచ్చేది.

ఏర్పాటు మారితే ఏమవుతుందో గార్లకు స్వానుభవమే. ఊరు కాజీపేట–విజయవాడ రైలు మార్గం మీద ఉంది. ఒకవైపు డోర్నకల్, ఖమ్మం. రెండోవైపు మహబూబాబాద్. కలెక్టరాఫీసు పని పడితే తరాల తరబడి జనం ఖమ్మం వైపు పోయారు. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు వచ్చాయి, గార్ల మహబూబాబాద్ జిల్లాలో కలిసింది. ఊరు అంగుళం జరగలేదు, పట్టాలూ జరగలేదు. నిన్నటిదాకా వీపు పెట్టిన దిక్కుకు తెల్లారి ముఖం పెట్టాల్సి వచ్చింది. అచ్చంగా గుర్తు మారిన సంఖ్య.

మరి ధర కూడా సున్నాకు కిందికి దిగుతుందా? 2020 ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు మే నెల కాంట్రాక్టు పీపా మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసింది. కరోనాతో బండ్లు ఆగిపోయాయి, నిల్వ చేసే ట్యాంకులకు కరువొచ్చింది, సరుకు తీసుకుపొమ్మని అమ్మేవాడే ఎదురు డబ్బులివ్వాల్సి వచ్చింది. మన సరుకుల ఎక్స్ఛేంజి ఎంసీఎక్స్‌లోనూ ముడిచమురు కాంట్రాక్టును పీపాకు మైనస్ 2,884 రూపాయల దగ్గర తేల్చారు. కొన్ని ట్రేడింగ్ సాఫ్ట్‌వేర్లకు సున్నాకన్నా కింద ధర ఉంటుందన్న ఊహే లేక తెరలు బిక్కచచ్చిపోయాయి. టమాటా రైతును అడిగితే ముందే చెప్పేవాడు. మార్కెట్లో వచ్చే డబ్బులు ఆటో కిరాయికీ కూలికీ చాలని రోజున సరుకును రోడ్డు పక్కన పారబోసి రావడమే లాభం. అది ఇంటికి మైనస్ 300తో రావడమా, మైనస్ 900తో రావడమా అనే లెక్క, క్షణంలో తేలిపోతుంది.

పెద్ద చదువుల్లోనూ ఇది తప్పలేదు. 2023లో వైద్య పీజీ సీట్ల పరీక్ష నీట్ పీజీలో జనరల్ కేటగిరీకి మొదట 291 మార్కుల కటాఫ్ పెట్టారు. సీట్లు మిగిలిపోతున్నాయని సెప్టెంబరులో అర్హత పర్సంటైల్‌ను సున్నాకు దించారు. సున్నా పర్సంటైల్ అంటే సున్నా మార్కులని చాలామంది అనుకున్నారు. కాదు, అందరికన్నా చివర ఉన్నవాడి స్థానమది. అక్కడ మార్కులు మైనస్ 40. అందరూ ఎంబీబీఎస్ పాసైనవాళ్లే, అందులో సందేహం లేదు. అయినా తప్పు జవాబుకు ఒక మార్కు కోసే ఆ పరీక్షలో, మౌస్ ముట్టకుండా మూడున్నర గంటలు ఏసీలో కునుకు తీసి వచ్చినవాడు ఆ చివరాయనకన్నా 40 మార్కులు ముందుంటాడు.

ఇప్పుడు కోచింగ్ సెంటర్లు ప్రతి వారం మార్కులను నేరుగా తండ్రి సెల్‌కే పంపుతున్నాయి. జేఈఈ మాక్ టెస్టులోనూ తప్పుకు ఒకటి కోత. చేలో పత్తి ఏరిస్తున్న తండ్రి మెసేజీ చూసి కొడుక్కు ఫోన్ చేస్తాడు.

“ఏందిరా, ఫిజిక్సుల మైనస్ ఏడు?”

“పేపర్ టఫ్ వచ్చింది నాయినా.”

“మరి మీ రూంల పొలగానికి?”

“మైనస్ ఇరవై.”

“ఆఁ, ఇంకేంది మరి! నీకే పదమూడు ఎక్కువొచ్చినయ్ గదరా!”