సూర్యనారాయణమూర్తి గారికి నందపూర్ అర్జీ

అయ్యా,

ఒడిశా కోరాపుట్ జిల్లాలోని మా ఊళ్లో సోలార్ పార్కు ఇంకా పడలేదు. పడకముందే ఈ గోల ఏమిటని విసుక్కోకండి. పడ్డాక పెట్టుకున్న అర్జీల గతి ఇక్కడ చిన్నపిల్లలకీ తెలుసు. మీకే ఎందుకంటారా? కింద తీసుకునే నాథుడు లేడు. డ్యాముకో, పెద్ద గనికో అయితే పర్యావరణ అనుమతి కావాలి. ప్రజాభిప్రాయ సేకరణ పేరిట షామియానా వేస్తారు, మైకు రెండు నిమిషాలైనా ఇస్తారు. సోలార్ పలకలకు ఆ అనుమతే అక్కర్లేదు. మీరు పవిత్రులు కాబట్టి మీ పేరున జరిగేదంతా పవిత్రమేనని ఢిల్లీలో తేల్చేశారు.

మనకి చుట్టరికం కూడా ఉంది. నందపూర్ రాజధానిగా ఏలిన రాజులు తాము సూర్యవంశీయులమన్నారు. వాళ్ల ముప్పై రెండు మెట్ల సింహాసనం ఆనవాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. విక్రమార్కుడి సింహాసనమైతే ఎక్కబోయేవాణ్ని మెట్టు మెట్టుకీ ఓ బొమ్మ ఆపి కథ చెప్పేది. మా దగ్గర ఏ బొమ్మా నోరు విప్పదు. విప్పితే, టేపు పట్టుకుని వచ్చినవాడికి మొదట మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం కథే చెప్పేది.

ఆ కథ మీరు పైనుంచి చూసిందే. జోలాపుట్ దగ్గర నీళ్లు ఆపారు, 1955లో కరెంటు వెలిగింది, తర్వాత 120 మెగావాట్లకు చేరింది. ఆంధ్రకు 70 పాళ్లు, ఒరిస్సాకు 30 అని పంచుకున్నారు. మునిగిన పల్లెల వాటా ఎంతని ఇటువాళ్లనీ అటువాళ్లనీ అడిగి చూశాను. ఒకరి వైపు ఒకరు చూపించారు. సుమారు 3 వేల కుటుంబాలు ఊళ్లొదిలి పోతే పునరావాసం దక్కింది ఓ 600 ఇళ్లకి.

నీళ్లయ్యాయి, ఇప్పుడు ఎండ. కర్నూలు దగ్గర గని, శకునాల ఊళ్లలో వెయ్యి మెగావాట్లకు 6 వేల ఎకరాల దాకా పట్టింది. కర్ణాటకలో, తెలుగు వినిపించే పావగడలో, 13 వేల ఎకరాలు కౌలుకి తీసుకున్నారు. మొదట ఎకరానికి ఏడాదికి 21 వేలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. లాక్కోలేదు, మెచ్చుకోవాల్సిందే. అయితే ఆ కౌలు పట్టా ఉన్నవాడికి. ఆ చేలో కలుపు తీసిన మనిషికీ, కోతలయ్యాక మేకలు తోలుకెళ్లిన మనిషికీ పట్టా ఎక్కడిది?

మా దగ్గర పట్టా సంగతి మరీ గమ్మత్తు. కొండవాలులో తాతల నాటి నుంచి చోళ్లు, సామలు, వలిసెలు పండిస్తారు. సర్వే గొలుసుకి ఎత్తెక్కే ఓపిక లేకపోయింది కనుక అందులో చాలా భాగం కాగితం మీద సర్కారుది. 2012లో రోము కేంద్రంగా ఉన్న ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ కోరాపుట్ సేద్యాన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వమంది. అదే పొలం రోములో వారసత్వం, తహసీల్దారు ఆఫీసులో ఖాళీ జాగా.

వానలు తగ్గాక ఆ ఖాళీ జాగాలో వలిసె పూస్తుంది, కొండంతా పసుపు పూసినట్టు. మీ వెలుగుని పట్టి నూనె చేసే పని అది ఎప్పట్నుంచో చేస్తోంది. మెగావాట్లలో కొలవరు కాబట్టి లెక్కకి రాలేదు.

మొన్న పొర్జ తెగ పెద్దాయన ఒకాయన అడిగాడు: "బాబూ, నీళ్లు తీసుకున్నప్పుడు దీపం వస్తాదన్నారు. ఎండ తీసుకుంటే ఏటొస్తాది?"

నీడ వస్తుందన్నాను. ఆయన నవ్వలేదు.

కరెంటు వద్దనే మనిషిని కాను, బొగ్గు పొగ మీద మోజూ లేదు. 2013లో నియమగిరిలో 12 గ్రామసభల్ని అడిగితే పన్నెండూ గని వద్దన్నాయి. అడగడానికి సుప్రీంకోర్టు చెప్పాల్సొచ్చింది. మమ్మల్ని కోర్టు చెప్పకముందే అడగమనండి. అంతవరకు పలకలు పరచడానికి బడి కప్పుంది, ఆసుపత్రి కప్పుంది, ముందుగా బ్లాకాఫీసు కప్పుంది. దాని మీద మాత్రం ఎవరూ చోళ్లు చల్లలేదు.

ఇట్లు,
మీ దూరపు చుట్టం, నందపూర్.