డైరెక్టర్‌కి ఆ పుస్తకం ఇష్టమేనా?

మైకేల్ ఎండే మీద నాకు చాలాకాలం చిన్నచూపు ఉండేది. ఆయన రాసిన 'ది నెవరెండింగ్ స్టోరీ' అంటే ప్రాణం. ఆయన్ని మాత్రం, డబ్బు పుచ్చుకుని ఆనక గోల పెట్టినవాళ్ళ లెక్కలో వేశాను.

ఆ నవల 1979లో జర్మనీలో వచ్చింది. రెండు రంగుల సిరాతో అచ్చువేశారు. బాస్టియన్ అనే కుర్రాడు స్కూలు అటక మీద దాక్కుని పుస్తకం చదువుకునే భాగం ఒక రంగులో, అతను చదివే కథ ఇంకో రంగులో ఉంటాయి. సగం దాటాక ఆ కుర్రాడే కథలోకి వెళ్ళిపోతాడు. అక్కడ కోరిన కోరికల్లా తీరుతుంది. తీరిన ప్రతి కోరికకీ తన పాత బతుకులోని జ్ఞాపకం ఒకటి చెరిగిపోతుంది. చివరికి సొంత పేరు కూడా మిగలదు. నా దృష్టిలో ఆ పుస్తకానికి ఆయువుపట్టు అదే.

1984లో వోల్ఫ్‌గాంగ్ పీటర్సన్ తీసిన సినిమా ఆ భాగం జోలికే పోలేదు. కుర్రాడు తెల్లటి డ్రాగన్ ఎక్కి, తనను ఏడిపించిన పిల్లల్ని వీధుల వెంట తరుముతుంటే సినిమా అయిపోతుంది. స్క్రిప్టులో మొదట ఎండే కూడా చెయ్యి వేశాడు. తర్వాత అది మారిపోయిన తీరు చూసి, సినిమా ఆపెయ్యండి, లేకపోతే పేరైనా మార్చండి అన్నాడు. వాళ్ళు ఒప్పుకోలేదు. కోర్టుకెక్కి ఓడిపోయాడు. జర్మనీలో అప్పటిదాకా అంత ఖర్చుపెట్టి తీసిన సినిమా లేదు. ఆయన బతికుండగానే రెండో భాగం, మూడో భాగం కూడా వచ్చాయి.

ఇదంతా తెలిసి కూడా నేను దీన్ని అభిరుచుల గొడవగానే చూశాను. పుస్తకాన్ని నిజంగా ప్రేమించే డైరెక్టర్ దొరికుంటే ఈ గతి పట్టేది కాదని ఎంతమందితో వాదించానో! పీటర్ జాక్సన్‌ని చూడండి, టోల్కీన్ నవల మీద అతను తీసిన 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' చూడండి అనేవాణ్ణి. ఆ మూడు సినిమాలు ప్రపంచమంతటా దాదాపు 300 కోట్ల డాలర్లు వసూలు చేశాయి. అయినా తమ వాటా తమకు రాలేదని 2008లో టోల్కీన్ ట్రస్టు నిర్మాణ సంస్థ మీద దావా వేసింది. మరుసటేడు రాజీ కుదిరింది. లెక్కలు సరిగ్గా చూపించలేదని జాక్సన్ కూడా అంతకుముందే దావా వేసి ఉన్నాడు. ఈ వార్తలన్నీ నేను చదివాను. సినిమా బాగుంది కదా, డబ్బు సంగతి వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటారులే అనుకుని పేజీ తిప్పేశాను.

అదే టోల్కీన్ రాసిన 'ది హాబిట్' మీద 1966లో వచ్చిన 12 నిమిషాల బొమ్మల సినిమా చూసినప్పుడు మాత్రం ఒళ్ళు మండింది. పుస్తకంలో లేని రాకుమారి అందులో ఉంటుంది. పుస్తకంలోలా కాకుండా, డ్రాగన్‌ని చంపేది కథానాయకుడు బిల్బోయే. పుస్తకం తెరిచి కూడా చూడనివాళ్ళు తీశారని తిట్టుకున్నాను. అసలు సంగతి చాలా ఏళ్ళకు తెలిసింది. దాన్ని తీసింది అప్పట్లో ప్రాగ్‌లో ఉండే జీన్ డైచ్. అతనికి ఆ పుస్తకమంటే ఇష్టం. పూర్తి నిడివి సినిమా కోసం స్క్రిప్టు కూడా రాసుకున్నాడు. అది పట్టాలెక్కలేదు. ఆ ఏడు జూన్ 30లోగా రంగుల సినిమా ఒకటి తీసి చూపించకపోతే నిర్మాత విలియం స్నైడర్ దగ్గరున్న హక్కులు పోతాయి. ఎంత నిడివి ఉండాలో ఒప్పందంలో రాయలేదు. దాంతో నెలరోజుల్లో, కదలని బొమ్మల మీద కెమెరా కదిపి, ఓ రీలు పూర్తిచేశారు. న్యూయార్క్‌లో చిన్న ప్రొజెక్షన్ గది తీసుకుని, దారినపోయేవాళ్ళను పిలిచి, తలా ఒక పది సెంట్ల నాణెం ఇచ్చి, దాన్నే టిక్కెట్టు డబ్బుగా వెనక్కి పుచ్చుకున్నారు. సినిమా చూశామని సంతకాలు చేయించుకున్నారు. హక్కులు నిలబడ్డాయి, తర్వాత మంచి ధరకు అమ్ముడుపోయాయి.

ఇంత చదివినవాణ్ణి, 2022లో టోల్కీన్ కథాలోకం మీద 'ది రింగ్స్ ఆఫ్ పవర్' సిరీస్ వచ్చినప్పుడు మళ్ళీ అదే పని చేశాను. వీళ్ళు ఆయన 'సిల్మరిలియన్' చదవనే లేదని నలుగురిలో ఎద్దేవా చేశాను. వాళ్ళకు ఆ పుస్తకం హక్కులు లేవు. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' చివర ఉన్న అనుబంధాలే వాళ్ళకు ముఖ్యమైన ఆధారం. చదివినా వాడుకునే వీల్లేదు.

ఈ తెలివితక్కువతనం నా మాటల్లోనే ఉండిపోయుంటే ఇది రాసేవాణ్ణి కాదు. మా పిన్ని కూతురు ఒక ఫాంటసీ నవల రాసింది. చెరువు అడుగున ఇంకో ఊరుందని నమ్మే పిల్ల కథ. ఒక నిర్మాత హక్కులు అడిగాడు. అగ్రిమెంటు కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చి, "ఏం చెయ్యమంటావన్నయ్యా?" అంది. నేను అడిగిన మొదటి ప్రశ్న, డైరెక్టర్‌కి ఆ పుస్తకం ఇష్టమేనా అని. ఇష్టమే, కొన్ని పేజీలు అప్పజెప్పాడు కూడా అంది. "అయితే ఇంకేం, సంతకం పెట్టేయ్" అన్నాను.

ఆ డైరెక్టర్ ఇష్టం నిజమైనదే. ఏడాది తిరక్కుండా అతను వేరే సంస్థకి వెళ్ళిపోయాడు. హక్కులు నిర్మాత దగ్గర ఉండిపోయాయి. మన కాపీరైట్ చట్టంలో 19వ సెక్షన్ ఒకటుంది. హక్కులు ఎన్నాళ్ళకో ఒప్పందంలో రాయకపోతే 5 ఏళ్ళకే అనుకోవాలి. పుచ్చుకున్నవాళ్ళు ఏడాదిలోగా వాడుకోకపోతే, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, ఆ హక్కు పోతుంది. ఆ కాగితాల్లో వేరేగానే రాసి ఉంది: శాశ్వతంగా, అన్ని భాషల్లో, సినిమాకీ సీరియల్‌కీ ఓటీటీకీ యానిమేషన్‌కీ, సీక్వెల్‌కీ పాత్రలకీ కూడా, ఏడాదిలో తియ్యకపోయినా హక్కు పోదు. మొన్నామధ్య ఇంకో నిర్మాత వచ్చి అడిగితే మా చెల్లెలు ఇవ్వలేకపోయింది. నవల రెండో భాగం రాయబోయి, ఆ పాత్రల సంగతి తేలేదాకా ఆగమని లాయరు అంటే ఆపేసింది.

తప్పు నాదేనని దానితో చెప్పాను. "నువ్వు చెప్పావనే కాదన్నయ్యా, నాకూ ఆ మాటే వినాలని ఉంది" అంది. దాని మంచితనం కొద్దీ అన్న మాట అది. నేను ఒప్పుకోను. ఈ పుస్తకాలూ సినిమాలూ వాటి గొడవలూ తెలిసినవాణ్ణని వెతుక్కుంటూ వచ్చింది. కాగితాలు బల్ల మీద నా ముందే పెట్టింది. తొమ్మిది పేజీలు. ఒక్కటీ తిప్పకుండా జవాబు చెప్పాను.