గోడకు కళ్లు కూడా వచ్చాయి

నెల్లూరులో భద్రత గురించి మాట్లాడాలంటే కుక్కలతో మొదలుపెట్టాలి. 2022 ఏప్రిల్‌లో నెల్లూరు కోర్టులో దొంగలు పడి ఒక కేసు తాలూకు సంచీ ఎత్తుకుపోయారు. అది అల్లాటప్పా కేసు కాదు, ఇద్దరు పెద్ద నాయకుల మధ్య నడుస్తున్నది. పోలీసులు చెప్పిన ప్రకారం, పాత ఇనుము కోసం వచ్చిన ఇద్దరు దొంగలను కుక్కలు తరిమాయి. వాళ్లు ప్రాణభయంతో కోర్టు ఆవరణలోకి దూరారు. ఎటూ వచ్చాం కదా అని తాళం పగలగొట్టి, చేతికందిన సంచీ పట్టుకుపోయి, పనికిరాని కాగితాలు కాలవలో పారేశారు. రాష్ట్రమంతా నవ్విన తర్వాత హైకోర్టు తనంతట తానే కలగజేసుకుని ఆ కేసును సీబీఐకి అప్పగించింది.

ఇందులో కుక్కల తప్పేమీ లేదు. అరవమని చెప్పారు, అరిచాయి. తరమమన్నారు, తరిమాయి. ఎటువైపు తరమకూడదో వాటికెవరూ చెప్పలేదు, అంతే. కానీ ఆ దెబ్బతో కాపలా కుక్క పరపతి పడిపోయింది. ఆ ఖాళీలోకి కెమెరా వచ్చి కూర్చుంది.

ఇప్పుడు మైపాడు రోడ్డు పట్టుకుని ఇందుకూరుపేట దాకా పోండి, లేదా ముత్తుకూరు మీదుగా కృష్ణపట్నం రేవు దాకా. కొత్త మేడ ప్రతిదానికీ ముంగిట దిష్టి గుమ్మడికాయ, దాని పక్కనే తెల్ల కెమెరా. రెండిటి డ్యూటీ ఒకటే, జీతం మాత్రం తేడా. కొందరు ఇంకా తెలివిగా, ‘మీరు సీసీ కెమెరా నిఘాలో ఉన్నారు’ అనే బోర్డు ఒక్కటే కొనుక్కొచ్చి తగిలించారు. దొంగకు చదువొచ్చి, భయం కూడా ఉంటే ఇంతకు మించిన చవక భద్రత లేదు.

వీధి కెమెరాల మీద 40 ఏళ్లుగా జరిగిన అధ్యయనాలన్నీ ఒకచోట చేర్చి 2019లో పరిశోధకులు లెక్క తీశారు. కెమెరాలున్న చోట నేరాలు సుమారు 13 శాతం తగ్గాయట. ఎక్కువ మేలు జరిగింది కార్లు నిలబెట్టే స్థలాల్లో అట. అంటే కారుకు పూర్తి భద్రత, కారు యజమానికి ఆశ.

అయితే ఆ పరిశోధకులెవరూ మన తీరానికి వచ్చినట్టు లేదు. వచ్చుంటే ఉప్పుగాలి అనే అధ్యాయం ఒకటి అదనంగా రాసేవాళ్లు. సముద్రానికి దగ్గర్లో ఉన్న ఊళ్లో తలుపు గడియే మూడేళ్లకు తుప్పు పడుతుంది. కెమెరా వైరు చివర ఉండే పిన్ను ఎంత? మొదటి వానాకాలానికి బొమ్మ మసకబారుతుంది, రెండోదానికి గీతలు పడతాయి, మూడోదానికి బోర్డు మాత్రం మిగులుతుంది. పైగా రాత్రిపూట చీకట్లో చూడ్డానికి కెమెరా చుట్టూ చిన్న దీపాలుంటాయి గదా, ఆ వెలుగుకు పురుగులు చేరతాయి. పురుగుల కోసం సాలీడు చేరి, సరిగ్గా అద్దం ముందే గూడు అల్లుతుంది. తెల్లారుజామున మూడింటికి ఫోన్ మోగితే ఇంటాయన గుండె చేత్తో పట్టుకుని లేచి చూస్తాడు. తెర మీద ఎనిమిది కాళ్ల దొంగ. నాలుగు రాత్రులు ఇలా అయ్యాక ఆయన ఫోన్ నోరు నొక్కేస్తాడు. ఐదో రాత్రి ఎవరొచ్చినా కెమెరా తన పని తాను చేస్తూనే ఉంటుంది, ఆయన నిద్ర ఆయన పోతూనే ఉంటాడు.

తుపాను రాత్రి సంగతి చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరులో మిగ్‌జాం బాపట్ల దగ్గర తీరం దాటేముందు మనల్నీ ముంచిపోయింది. కరెంటు పోతే కెమెరా కన్ను మూస్తుంది. దొంగకు మాత్రం కరెంటుతో పని లేదు.

ఇక రికార్డు దాచే పెట్టె. దాన్ని ఎక్కడ పెట్టాలన్నది ప్రతి ఇంట్లో పెద్ద చర్చ. హాల్లో టీవీ కింద పెడితే దొంగ టీవీతో పాటు పట్టుకుపోతాడు. అందుకని బీరువాలో నగల పక్కన దాస్తారు. దొంగ పోయేదే అక్కడికి. నగలు, సాక్ష్యం రెండూ ఒకే సంచీలో కట్టుకుని, తన మొహం ఉన్న పెట్టెను చంకన పెట్టుకుని పోతాడు. ఇంత సౌకర్యం పాతకాలం దొంగలకెక్కడిది?

పోలీసులు మన కోసం ఏమీ చెయ్యలేదని అనకూడదు. ఎల్‌హెచ్‌ఎంఎస్ అని ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఒక యాప్ తెచ్చారు, తాళం వేసిన ఇళ్ల మీద నిఘాకు. ఊరికి పొయ్యేముందు అందులో కబురు పెడితే వాళ్లే వచ్చి ఇంట్లో కెమెరా అమర్చి పోతారు. ఎవరైనా కదిలితే కంట్రోల్ రూమ్‌లో గంట మోగుతుంది. పైసా తీసుకోరు. నా మటుకు నాకు ఇది మంచి ఆలోచనే, ఎగతాళి చెయ్యడానికి చెయ్యి రావడం లేదు. చిక్కల్లా మనతోనే. ‘వారం రోజులు ఇంట్లో ఉండం’ అని పోలీసులకు చెప్పాలంటే మనకు అనుమానం, మొహమాటం. అదే సంగతి అలిపిరి మెట్ల దగ్గర ఫోటో దిగి, కుటుంబమంతా గుండ్లతో సహా వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడానికి మాత్రం ఏ మొహమాటమూ లేదు. పాలవాడు, పేపరువాడు, పాత బాకీవాడు, పాత దొంగ అందరూ చూసి చేతులు జోడించిన బొమ్మ పంపిస్తారు.

నిజంగా కెమెరా కావలసింది ఇంటికి కాదు, రొయ్యల గుంటకు. ఊరికి దూరంగా, కనుచూపు మేర మనిషి లేని చోట, గట్టు మీద మోటార్లు, ఏరియేటర్లు, రాగి కేబుళ్లు, మేత బస్తాలు. దొంగతనానికి ఇంతకన్నా పెళ్లిభోజనం ఏముంటుంది? ట్రాన్స్‌ఫార్మర్ విప్పి రాగి తీగ పీక్కుపోయేవాళ్లు కూడా ఉన్నారు. అందుకని ఈ మధ్య గట్టు మీద స్తంభం పాతి, సోలార్ పలక బిగించి, సిమ్ కార్డుతో నడిచే కెమెరా పెడుతున్నారు. గుంట సొంతదారు నెల్లూరులో ఏసీ గదిలో పడుకుని గట్టును చూస్తుంటాడు. చూసేది దొంగను కాదు, కాపలావాణ్ని.

“ఏంది సుబ్బయ్యా, ఒంటిగంట నుంచి కదల్లేదే?”

“కూసోని నీళ్లే చూస్తుండా సార్. నేను కదిల్తే రొయ్య బెదరతది.”

సుబ్బయ్య అనేది నేను పెట్టిన పేరు, మనిషి మాత్రం ప్రతి గట్టు మీదా ఉన్నాడు. వారం తిరక్కుండానే కెమెరా ఎంత దూరం తిరుగుతుందో, ఎక్కడ దాని చూపు ఆగిపోతుందో సొంతదారుకన్నా బాగా కనిపెట్టి, మంచాన్ని సరిగ్గా స్తంభం కిందికి లాక్కుంటాడు. దీపం కింద చీకటి అన్నది వాడికి పుస్తకాల్లో దొరికిన సామెత కాదు.

రొయ్య చచ్చేది తెల్లారుజామున, నీళ్లలో ఆక్సిజన్ అడుగంటినప్పుడు. అది ఏ కెమెరాకూ కనపడదు, నీళ్ల దగ్గర నిలబడ్డ సుబ్బయ్యకు కనపడుతుంది, వాణ్ని మేలుకొని ఉండనిచ్చే జీతమిస్తే. ఇక అసలు దోపిడీ 2025 ఆగస్టులో జరిగింది. అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచితే ఇక్కడ గట్టు మీద రొయ్య ధర కూలిపోయింది. అన్ని కెమెరాలూ పనిచేస్తూనే ఉన్నాయి. ఏ మోటారూ పోలేదు, ఏ బస్తా కదల్లేదు.

సముద్రం మీద ఇంకో కథ. తమిళనాడు మరబోట్లు ఒడ్డు దగ్గరికొచ్చి మన వలలు తెగ్గొట్టుకుని పోతున్నాయని ఇసకపల్లి నుంచి తూపిలిపాళెం దాకా మత్స్యకారులు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. ముంబయి దాడుల తర్వాత తీరం కాపలా కట్టుదిట్టం చేశామని చెబుతారు. కృష్ణపట్నంలో మెరైన్ పోలీస్ స్టేషన్ కూడా ఉంది. వల తెగిన చోట గోడ లేదు, గోడ లేనిచోట కెమెరా బిగించడం ఎవరికీ చేతకాదు.

గోడలున్న చోట మాత్రం లోపలికి కూడా వచ్చేసింది. కొడుకు డాలస్‌లో, కూతురు బెంగళూరులో, అమ్మ ఒక్కతే అల్లూరులో. పోయినసారి వచ్చినప్పుడు కొడుకు హాల్లో ఒకటి, వంటింట్లో ఒకటి బిగించిపోయాడు. దానికి మైకు కూడా ఉంది. మధ్యాహ్నం ఆమె పక్కింటావిడతో కోడలి గురించి నాలుగు మాటలు చెప్పుకుందామని నోరు తెరిచేలోపు గోడ మాట్లాడుతుంది: “అమ్మా, బీపీ మాత్ర ఏసుకున్నావా?” పక్కింటావిడ ఆ రోజు నుంచి ఆ గడప తొక్కలేదు. కొడుకు ప్రేమను తప్పుపట్టడానికి లేదు. అమ్మ స్నానాల గది దగ్గర జారిపడితే అక్కడ అర్ధరాత్రి మేలుకుని ఇక్కడ ఎవరికో ఫోన్ చేసేదీ వాడే. కానీ ఇప్పుడా అమ్మ చెప్పాలనుకున్న మాటలన్నీ పెరట్లో, కరివేపాకు చెట్టు కింద చెప్పుకుంటోంది. ఇంట్లో కెమెరా పెట్టాక ఆమె ఆరుబయట ఎక్కువసేపు ఉంటోందని, ఆరోగ్యం బాగుపడిందని కొడుకు స్నేహితులకు చెప్పుకుంటున్నాడు.

ఇలాంటిదే కోల్‌కతాలో కోర్టుకెక్కింది. ఒకే ఇంట్లో ఉండే అన్నదమ్ముల్లో ఒకరు కెమెరాలు పెడితే రెండోవారు ఒప్పుకోలేదు. కలిసి ఉండేవాళ్ల అనుమతి లేకుండా నివాస భాగంలో కెమెరాలు నడపకూడదని 2025లో అక్కడి హైకోర్టు చెప్పింది, సుప్రీంకోర్టు కూడా అందులో వేలు పెట్టలేదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017లోనే తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చారు కాబట్టి ఇందులో వింతేమీ లేదు. మన అత్తాకోడళ్లకు ఈ తీర్పుల సంగతి తెలిస్తే కోర్టులకు సెలవులుండవు.

మనం చూసేది సరే, మనల్ని ఎవరు చూస్తున్నారు? రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరాల్లోంచి ఆడవాళ్ల వీడియోలు బయటికిపోయి అమ్ముడుపోయిన సంగతి 2025లో బయటపడింది. అక్కడి పాస్‌వర్డ్ అడ్మిన్ 123. 2016లోనైతే ఇలా పుట్టినప్పటి పాస్‌వర్డ్ మార్చని కెమెరాలు, రౌటర్లు లాంటివాటిని ‘మిరాయ్’ అనే వైరస్ లొంగదీసుకుని ఒక సైన్యంగా నడిపితే అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి మూగబోయాయి. వీధి తలుపుకు మూడు తాళాలు వేసి, గొళ్లెం లాగి చూసి, మళ్లీ వచ్చి ఇంకోసారి లాగి చూసే మనిషి కూడా పాస్‌వర్డ్ దగ్గరికొచ్చేసరికి కెమెరా బిగించిన కుర్రాడు పెట్టిందే ఉంచేస్తాడు. ఆ కుర్రాడికి ఊళ్లో సగం పడకటిళ్ల పాస్‌వర్డ్ నోటికొచ్చు.

చట్టం మాత్రం కెమెరాకు ఎప్పుడూ అనుకూలమే. దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లు జరిగిన 2013లోనే ఉమ్మడి రాష్ట్రంలో ప్రజా భద్రత చట్టం తెచ్చి, వందమంది చేరే చోటల్లా కెమెరా ఉండాలని, 30 రోజుల రికార్డు ఉంచాలని చెప్పారు. కల్యాణమండపాలు, సినిమాహాళ్లు, దుకాణాలు అన్నీ పెట్టుకున్నాయి. 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు, ఇదే పని ప్రతి పోలీస్ స్టేషన్‌లోనూ చెయ్యమంది. లాకప్పుతో సహా, చీకట్లో కనపడేవి, మాట వినపడేవి పెట్టమంది. ఐదేళ్లు తిరగబోతుండగా, రాజస్థాన్‌లో ఎనిమిది నెలల్లో 11 మంది కస్టడీలో చనిపోయారన్న పత్రికా వార్త చూసి, స్టేషన్లలో పనిచేసే కెమెరాలు ఎందుకు లేవని 2025 సెప్టెంబరులో అదే కోర్టు మళ్లీ అడగాల్సి వచ్చింది. ఉప్పుగాలి రాజస్థాన్ దాకా వీచిందేమో.

మా వీధిలో రిటైరైన అయ్యోరు ఒకాయన ఉన్నాడు. ఇంటి చుట్టూ నాలుగు కెమెరాలు. ఎవరి పిల్ల ఎవరి బండి దిగిందో, ఎవరింటికి ఏ పార్సిలొచ్చిందో, చెత్త బండి వచ్చాక ఎవరు చెత్త వేశారో ఆయనకు తారీఖులతో సహా తెలుసు. పోయిన నెల అర్ధరాత్రి పెన్న ఇసుక లారీ ఒకటి మలుపు తిరగబోయి కాలవ మీద బండలు పగలగొట్టిపోయింది. లారీ ఎవరిదో వీధిలో పసిపిల్లలకూ తెలుసు, కాగితం మీద పెట్టడానికి మాత్రం సాక్ష్యం కావాలి. నలుగురం కలిసి ఆయన దగ్గరికి పోయాం.

“అయ్యోరూ, మీ కెమెరాలో లారీ నంబరు పడుంటది గదా?”

“ఆ రాత్రి కెమెరా పని జెయ్యలేదబ్బయా.”

“అదేంది? ఆ రాత్రే మావోడు సెకండ్ షో చూసి గోడ దూకినాడని తెల్లారేసరికి మా ఇంటికొచ్చి చూపిస్తిరి?”

అయ్యోరు కళ్లజోడు తీసి తువ్వాలుతో తుడుచుకున్నాడు.

“లారీ ఎన్నిగంటలకు పొయ్యిందంటారు?”

“రెండు, రెండున్నర.”

“అదే నేనూ చెప్తుండేది. రెండు దాకా బాగనే పని జేసింది.”