వెనక ఇంజిన్ కెప్టెన్

కానూరు నుంచి ఆటోనగర్ వెళ్ళే షేర్ ఆటోలో, ఒళ్ళో మారుతి 800 స్టీరింగ్ ర్యాకు పెట్టుకుని కూర్చున్న కుర్రాడు కనిపిస్తే పలకరించకండి. పలకరిస్తే మీరు దిగాల్సిన చోటు దాటిపోతుంది. అతను కెప్టెన్. ఓడకీ కాదు, క్రికెట్ జట్టుకీ కాదు. మెకానికల్ ఫైనలియర్‌లో బాహా బండి కడుతున్న జట్టుకి కెప్టెన్. కానూరు, గుడ్లవల్లేరు, మైలవరం, వడ్డేశ్వరం, ఇలా కృష్ణకి అటూ ఇటూ ఇంజనీరింగ్ కాలేజీ వెలిసిన ప్రతిచోటా ఈ జాతి పుట్టుకొచ్చింది.

గోళ్ళలో గ్రీజు చూసి ఇతన్ని గుర్తుపట్టొచ్చు. కిరోసిన్‌తో కడిగితే పోతుంది, కడగడు. అక్క పెళ్ళిలో పంక్తిలో కూర్చుని స్పూను అడుగుతాడు. ఎందుకని ఎవరూ అడక్కపోయినా, "గ్రీజండీ, రాత్రి డిఫరెన్షియల్ విప్పాం" అని చుట్టూ నాలుగు విస్తళ్ళకి వినిపించేలా చెబుతాడు. ఒంటిమీది నల్ల టీషర్టు మీద జట్టు పేరుంటుంది. ఆ పేరులో థండరో టార్కో ఉండి తీరాలి. వీపు మీద స్పాన్సర్లు: ఒక టిఫిన్ సెంటరు, ఒక ఐఈఎల్‌టీఎస్ కోచింగు, కైకలూరులో రొయ్యల మేత అమ్మే పెదనాన్న.

బాహా అంటే తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. విద్యార్థులే సొంతంగా గతుకుల్లో, బురదలో పరిగెత్తే ఒంటి సీటు బండి కట్టుకుని పోటీకి తీసుకెళ్ళాలి. 1976లో అమెరికాలో సౌత్ కరోలినా యూనివర్సిటీలో మొదలైన ఈ ముచ్చట, 2007 నుంచి ఇండోర్ దగ్గర పీథంపూర్‌లో మనవాళ్ళకీ దొరికింది. పెట్రోలు బండ్లన్నిటికీ ఒకటే ఇంజిన్: బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్, 305 సీసీ, పది హార్స్‌పవర్. కాలేజీ పార్కింగులో నిలబెట్టిన పల్సర్‌కి అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఆ ఇంజిన్ జోలికి వెళ్ళి ఊడబెరకడానికి రూల్సు ఒప్పుకోవు. అందుకని కెప్టెన్ ప్రతిభంతా దాన్ని ఎక్కడ పెట్టాలన్న దాని మీదే ఖర్చవుతుంది. పెట్టేది డ్రైవరు వెనకే. అందరూ అక్కడే పెడతారు. కానీ ఆ సంగతి తనే కనిపెట్టినట్టు చెప్పడం కెప్టెన్ హక్కు.

ఈ చెప్పుడు మొదట వినాల్సిన ఖర్మ ఆటోనగర్ వెల్డింగు బాబాయ్‌ది. ముప్పై ఏళ్ళుగా లారీ బాడీలు కట్టిన చెయ్యి. కెప్టెన్ లాప్‌టాప్ తెరిచి, రోల్ కేజ్‌కి 25 మిల్లీమీటర్ల పైపు కావాలనీ, మందం మూడు మిల్లీమీటర్లుండాలనీ, అందులో కార్బన్ కనీసం 0.18 శాతం ఉండాలనీ రూల్‌బుక్ చదువుతాడు. బాబాయ్ పైపు ముక్కని గ్రైండింగు రాయికి ఆనించి రవ్వలు చూస్తాడు. రవ్వ కొసన పువ్వు విచ్చినట్టు చీలితే కార్బనుంది, తిన్నగా పోతే లేదు. "ఉందిలే బాబూ, తెచ్చుకో" అంటాడు. కెప్టెన్ నమ్మడు. అదే ముక్కని ల్యాబుకి పంపి, డబ్బు కట్టి, పక్షం రోజులాగి, స్టాంపు వేసిన కాగితం తెచ్చుకుంటాడు. ఉందనే ఉంటుంది. ఈలోగా బాబాయ్ రెండు లారీలు కట్టి పంపించేస్తాడు.

రాత్రిళ్ళు హాస్టల్ మేడ మీద కెప్టెన్ ఫోనులో అమెరికా రేసులు చూస్తాడు. న్యూయార్క్ రాష్ట్రంలో ఆస్వీగో అని ఒక ఊరుంది. అక్కడ కిలోమీటరు చుట్టుకొలత ఉన్న గుండ్రటి ట్రాకు మీద సూపర్‌మాడిఫైడ్ కార్లు తిరుగుతాయి. వాటి ఇంజిన్ బండి మధ్యలో కాకుండా ఎడమపక్కకి జరిపి ఉంటుంది. ఎవరో ఇంజిన్‌ని డ్రైవరు వెనక్కి మార్చి కట్టిన బండి ఫొటో ఒకటి దొరికితే ఇక ఆ రాత్రి నిద్ర లేదు. తెల్లారేసరికి డిజైను మారిపోతుంది. మన ఇంజిన్ కూడా వెనక, అదీ ఎడమవైపుకి నాలుగంగుళాలు జరిపి.

బాబాయ్ వెల్డింగు అద్దం నుదుటి మీదికి ఎత్తి, "వాళ్ళ బండి ఎప్పుడూ ఎటు తిరుగుద్ది?" అని అడుగుతాడు.

"ఎడమకే బాబాయ్, ట్రాకు గుండ్రం కదా."

"మరి మనది కుడివైపు తిరగాల్సొస్తే?"

కెప్టెన్ లాప్‌టాప్ మూసి టీ చెబుతాడు.

రెండోసారి వినే ఖర్మ పామర్రు దగ్గర పల్లెలో ఉన్న నాన్నది. ఆయనకి కార్లు పట్టవు గానీ ఒంగోలు గిత్తలంటే ప్రాణం. సంక్రాంతికి బండలాగుడు ఎక్కడున్నా వెళ్ళి కూర్చుంటాడు. కెప్టెన్ టెక్నికల్ ఇన్‌స్పెక్షన్ గురించి ఊదరగొడితే, "మాకూ ఉంటుందిరా, పళ్ళు చూస్తారు" అంటాడు. నిజమే. రెండు పళ్ళ జతకి ఒక పోటీ, నాలుగు పళ్ళ జతకి మరొకటి, మోసం చేయబోతే నోరు తెరిపిస్తారు. కెప్టెన్ వెనక ఇంజిన్ ఘనత ఎత్తుకుంటాడు: బరువంతా తోలే చక్రాల మీద పడుతుంది, పట్టు దొరుకుతుంది, పొడుగాటి షాఫ్టు అక్కర్లేదు. నాన్న ఓపిగ్గా విని, "ఎద్దుల్ని బండికి వెనక కడతార్రా ఎవరైనా?" అంటాడు.

ఆయనకి తెలియదు గానీ ఇటలీలో ఎంజో ఫెరారీ కూడా సరిగ్గా ఈ మాటే పట్టుకుని కూర్చున్నాడు. బండిని ఎద్దులు లాగాలి గానీ నెట్టకూడదని ఆయన వాదన. 1959లో కూపర్ వాళ్ళ వెనక ఇంజిన్ కారుతో జాక్ బ్రాభమ్ ప్రపంచ ఛాంపియనయ్యాడు. అప్పుడు దిగొచ్చాడు ఫెరారీ. 1961లో ఆయన కారే, ఇంజిన్ వెనక పెట్టుకుని, ఫిల్ హిల్‌ని ఛాంపియన్ చేసింది. కెప్టెన్ ఈ కథంతా చెప్పి గెలిచాననుకుంటాడు. "అయితే నాలాంటి పెద్దమనిషి ఇటలీలోనూ ఒకడున్నాడన్నమాట" అని నాన్న మీసం దువ్వుకుంటాడు.

అసలు గొడవ టెస్టింగు దగ్గర వస్తుంది. బెజవాడలో రేసు ట్రాకు లేదు. గుండ్రంగా తిరగడానికి ఉన్నది బెంజి సర్కిలు, అదేమో పోలీసుల చేతిలో ఉంది. కెప్టెన్ డిసెంబరులో ట్రాలీ మీద బండిని ఊరికి తెచ్చి, వరి కోసిన పొలం ఖాళీగా కనబడగానే దింపేశాడు. ఆరో తరగతి నుంచీ కార్పొరేట్ హాస్టళ్ళలో ఐఐటీ ఫౌండేషను చదివినవాడికి, డెల్టాలో కోతకి రెండు మూడు రోజుల ముందే వరిలో మినుములు చల్లేస్తారనీ, కోసిన చేను ఖాళీ కాదనీ ఎవరు చెబుతారు? నల్లమట్టిలో బండి బ్రహ్మాండంగా పరిగెత్తింది. సస్పెన్షన్ పరీక్ష నెగ్గింది. నాన్న గట్టు మీద నిలబడి, చక్రాల చాళ్ళ వెంట నలిగిన మినప మొలకల్ని చూసి అన్న మాటల్ని పత్రికలో అచ్చువేయలేం.

పీథంపూర్‌లో కథ ఏటా ఒకటే. బ్రేకు పరీక్షలో నాలుగు చక్రాలూ ఒకేసారి బిగుసుకోవాలి, మూడు బిగుసుకుంటాయి. రాత్రంతా కూర్చుని నాలుగోదాన్ని ఒప్పిస్తారు. అపాయం వస్తే డ్రైవరు ఐదు సెకన్లలో బయటపడాలి. అందుకని హాస్టల్లో అందరికంటే బక్కపల్చటివాణ్ణి ఎంచి, నెలరోజులు పరోటా మాన్పించి తీసుకెళ్ళారు. వాడు నాలుగు సెకన్లకే బయటపడి, ఇన్‌స్పెక్టరుకి నమస్కారం కూడా పెట్టాడు. ఏటవాలు ఎక్కేటప్పుడు వెనక బరువెక్కువై ముక్కు గాల్లోకి లేచింది. నాలుగు గంటల ఎండ్యూరెన్సులో మూడో గంటకి ఒక బోల్టు తెగింది. "డిజైను లోపం కాదు" అన్నాడు కెప్టెన్, "బోల్టు లోపం." ఆ బోల్టు డిజైనులో లేదా అని అడగడానికి అక్కడ బాబాయ్ లేడు.

తిరిగొచ్చాక ప్లేస్‌మెంట్లు. ఆంగ్ల అక్షరాల్లో BAJA అని రాసిన బాహాని చూసి, జావాకి అచ్చుతప్పనుకుని బోర్డువాళ్ళు ప్రోగ్రామింగు ప్రశ్నలడిగారు. కెప్టెన్ వాటికి జవాబులు చెప్పేసి హైదరాబాదులో ఉద్యోగం తెచ్చుకున్నాడు.

బండి మెకానికల్ బ్లాకు మెట్ల కింద చేరింది. జూన్‌లో కొత్త కెప్టెన్ వచ్చి దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. వంగి ఇంజిన్ కిందికి తొంగిచూసి, "సీనియర్లకి సెంటర్ ఆఫ్ గ్రావిటీ అంటే ఏంటో తెలీదురా" అని తల విదిలించి, ర్యాకు విప్పుకుని ఒళ్ళో పెట్టుకోవడానికి గుడ్డ కోసం వెతికాడు.