ఎవరి తాలూకు?

పోలీసు లాఠీకి కులం లేదని మన రాష్ట్రంలో అందరూ ఒప్పుకుంటారు. అధికారంలో ఉన్నవాళ్ళయితే మరీ గట్టిగా ఒప్పుకుంటారు. ప్రతిపక్షంలోకి వెళ్ళిన మర్నాటి నుంచీ ఆ లాఠీకి కులం, గోత్రం, పార్టీ జెండా అన్నీ కనిపించడం మొదలవుతుంది. ఎన్నికలు అయ్యాక అసెంబ్లీలో కుర్చీలతో పాటు ఈ కళ్ళజోడు కూడా అటువాళ్ళు ఇటువాళ్ళకి అప్పగించి వెళతారు.

2025 మే నెలాఖరు. మా ఆగిరిపల్లిలో రసాలు ముమ్మరంగా దిగుతున్న రోజులు. టీ కొట్టు దగ్గర లోడు ఎక్కించి వచ్చినవాళ్ళు, నూజివీడు బస్సు కోసం నిలబడ్డవాళ్ళు, ఏ పనీ లేనివాళ్ళు (నేను ఈ మూడో వర్గం) ఒకే ఫోను మీదికి తలలు వంచారు. తెనాలి వీడియో. నడిరోడ్డు, పట్టపగలు. కుర్రాళ్ళని కింద కూర్చోబెట్టి కాళ్ళు చాపించారు. కాలు కదలకుండా ఒక పోలీసు అదిమి పెడితే ఇంకో పోలీసు అరికాళ్ళ మీద లాఠీతో కొడుతున్నాడు. చుట్టూ జనం. అసలు సంగతి జరిగింది ఏప్రిల్ చివర్లో. వీడియో కృష్ణ దాటి మా ఊరు రావడానికి నెల పట్టింది.

"ఎవరి తాలూకు?" అన్నాడు ఒకాయన. మా ఊళ్ళో ఏ వార్తకైనా మొదటి ప్రశ్న ఇదే.

"ఎస్సీలంట, ముస్లింలంట."

"ఓహో."

ఆ ఓహోతో కొట్టు దగ్గర వాతావరణం కుదుటపడింది. అప్పటిదాకా "అయ్యయ్యో, అలా కొడతారేంటి" అన్న నోళ్ళే సర్దుకున్నాయి. "మనకి కులం పట్టింపు లేదనుకో బాబాయ్, కానీ గంజాయి బ్యాచ్ అంట." "రౌడీషీటు కూడా ఉందంట." "కానిస్టేబుల్ మీదే చెయ్యి చేసుకున్నారంట." "అయితే నాలుగు తగలాల్సిందే."

గ్లాసులు కడుగుతున్న కుర్రాడు తలెత్తి అడిగాడు: "గంజాయికి అరికాలి మీద ఎన్ని దెబ్బలని చట్టంలో రాసుంటదా, మాస్టారూ?"

మాస్టారంటే నేనే. చదువుకున్నవాణ్ణన్న అపోహ ఒకటి ఉంది నా మీద. మాదకద్రవ్యాల చట్టం 1985లో వచ్చింది. అందులో జైలుంది, జరిమానా ఉంది, బెయిలు దొరక్కుండా చేసే కట్టుదిట్టాలూ ఉన్నాయి. అరికాలు మాత్రం లేదు. కానిస్టేబుల్ మీద దాడి చేశారన్న పోలీసుల ఆరోపణే నిజమనుకుందాం, దానికీ భారతీయ న్యాయ సంహితలో సెక్షనుంది. అక్కడా అరికాలు లేదు. ఈ మాట చెబితే లోడు ఎక్కించి వచ్చినాయన నాకేసి జాలిగా చూసి, "నువ్వు వాళ్ళ పార్టీయా?" అన్నాడు.

జూన్ 3న మాజీ ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి తెనాలి వెళ్ళి ఆ కుటుంబాలను పరామర్శించారు. దళితుల మీద, మైనారిటీల మీద ఇదేం దాష్టీకమన్నారు. గంజాయి బ్యాచ్‌కి పరామర్శలేమిటని అధికార పక్షం విరుచుకుపడింది. ఎవరి డైలాగు వాళ్ళు తడుముకోకుండా చెప్పారు. చెప్పరా మరి? ఐదేళ్ళ కిందటే రిహార్సల్ అయిపోయింది, పాత్రలు మారాయంతే.

ఆ రిహార్సల్ విశాఖపట్నంలో జరిగింది, 2020 మే 16న. నర్సీపట్నం ఏరియా ఆస్పత్రిలో మత్తు డాక్టరు సుధాకర్, దళితుడు. కరోనా మొదలైన రోజుల్లో మాస్కులు చాలడం లేదని పైకే అన్నారు. సస్పెండయ్యారు. నెల తిరిగేసరికి విశాఖ రోడ్డు మీద చొక్కా లేకుండా, చేతులు వెనక్కి విరిచి కట్టి కూర్చోబెట్టిన మనిషిగా రాష్ట్రమంతా ఆయన్ని ఫోనుల్లో చూసింది. తాగి ఉన్నాడు, దుర్భాషలాడాడు అని పోలీసులు. అక్కణ్ణుంచి మానసిక ఆస్పత్రి. అప్పటి అధికార పక్షం దీని వెనక తెలుగుదేశం ఉందంది. తెలుగుదేశం దళిత డాక్టరుకి అన్యాయమంది. అప్పుడు కూడా మా కొట్టు దగ్గర ప్రశ్న అదే, జవాబు మాత్రం తిరగబడింది. తెనాలి కుర్రాళ్ళకి "తగలాల్సిందే" అన్నాయన ఆ డాక్టరు వీడియో చూసి కళ్ళు తుడుచుకున్నవాడే. డాక్టరు గురించి "తాగుబోతు" అని తీర్పు చెప్పినాయన తెనాలి దగ్గరికొచ్చేసరికి రాజ్యాంగం మాట్లాడాడు. ఒకే బెంచీ మీద కూర్చుంటారిద్దరూ, ఒకే బీడీ పంచుకుంటారు.

చరిత్ర వ్యంగ్యం రాసేవాళ్ళ పొట్ట ఎలా కొడుతుందో చూడండి. సుధాకర్ సంగతి మీద హైకోర్టుకి లేఖ రాసింది తెలుగుదేశం నాయకురాలు వంగలపూడి అనిత. ఆ లేఖనే కోర్టు వ్యాజ్యంగా తీసుకుంది. మేజిస్ట్రేటు వెళ్ళి రాసుకొచ్చిన గాయాలకీ ప్రభుత్వ నివేదికలోని గాయాలకీ లెక్క కుదరకపోతే మే 22న సీబీఐకి అప్పగించింది. సీబీఐ ధర్మకాటా మీద నిలబడి పోలీసుల మీదా కేసు పెట్టింది, డాక్టరు మీదా పెట్టింది. 2021 మేలో ఆయన గుండెపోటుతో పోయారు. 2024 జూన్‌లో అనిత రాష్ట్ర హోం మంత్రి అయ్యారు. తెనాలి లాఠీ ఆమె శాఖదే. ఇందులో నేను కలిపిందేమీ లేదు, కలపాల్సిన అవసరమూ రాలేదు.

ఈ రెంటి మధ్యలో, 2020 జులైలోనే, తూర్పుగోదావరి జిల్లా సీతానగరం పోలీసు స్టేషన్‌లో ఒక దళిత కుర్రాడికి గుండు గీశారు. ఇసుక లారీల దగ్గర తగవు. ఎస్సై సస్పెండయ్యాడు, అరెస్టూ అయ్యాడు. న్యాయం జరగడం లేదని ఆ కుర్రాడు నక్సలైట్లలో చేరతాను, అనుమతి ఇప్పించండని ఏకంగా రాష్ట్రపతికి రాశాడు. అడవిలోకి పోవడానికి కూడా అర్జీ పెట్టుకున్న పౌరుడు ఇంకే దేశంలో దొరుకుతాడు? అంత విధేయుణ్ణి పట్టుకుని గుండు గీసినవాళ్ళకి శాంతిభద్రతల గురించి ఎవరైనా పాఠం చెప్పాలి.

అమెరికాలో ఇంత గొడవ ఉండదని మా మేనల్లుడు అంటాడు. డల్లాస్‌లో ఉంటాడు కాబట్టి అనే హక్కుంది. అక్కడా 2009 జులై 16న హార్వర్డ్ ప్రొఫెసర్ హెన్రీ లూయీ గేట్స్, నల్లజాతి పెద్దమనిషి, చైనా నుంచి ఇంటికొచ్చారు. తలుపు బిగుసుకుపోతే డ్రైవరు సాయంతో తోశారు. ఎవరో ఇంట్లోకి జొరబడుతున్నారని ఫోన్ వెళ్ళింది. సార్జెంట్ జేమ్స్ క్రౌలీ వచ్చారు. ఇల్లు నాదేనని ప్రొఫెసర్, మర్యాదగా మాట్లాడమని సార్జెంటు, మాటా మాటా పెరిగి సొంత ఇంటి వరండాలో బేడీలు పడ్డాయి. ఐదు రోజులకి కేసు ఎత్తేశారు. పోలీసులు తెలివితక్కువగా వ్యవహరించారని అధ్యక్షుడు ఒబామా నోరు జారారు, దేశం రెండుగా చీలింది. ఆ చీలికకి ఒబామా వేసిన కుట్టు బీరు. జులై 30న శ్వేతసౌధం తోటలో ప్రొఫెసర్, సార్జెంటు, ఒబామా, పక్కన బైడెన్. నలుగురూ తలో బ్రాండూ తెప్పించుకున్నారు. బైడెన్ మద్యం ముట్టరు కాబట్టి ఆయనకి మత్తులేని బీరు.

ఇదేదో మనమూ చెయ్యొచ్చనిపించింది నాకు. దెబ్బలు తిన్నవాణ్ణీ కొట్టినాయన్నీ శోభనాచలం కొండ కింద ఒక మామిడి చెట్టు నీడన కూర్చోబెట్టి తలో రసమూ చేతిలో పెడితే? ఇబ్బందులు రెండున్నాయి. జులై 30 నాటికి మా దగ్గర రసాలుండవు, కలెక్టరు కాయ కూడా గుజ్జు ఫ్యాక్టరీకి వెళ్ళిపోయి ఉంటుంది. రెండోది, గేట్స్‌ని పిలిచి కూర్చోబెట్టింది ఆయన హార్వర్డ్ ప్రొఫెసర్ కాబట్టి. అదే ఊళ్ళో అదే వారం బేడీలు పడిన ఏ నల్ల కుర్రాడికీ ఒబామా బీరు పోసినట్టు నేను వినలేదు. మన దగ్గర డాక్టరు చదువుకే ఆ మర్యాద దక్కలేదంటే, తాపీ పని చేసే కుర్రాడికి రసం కాదు కదా, టెంక కూడా రాదు.

మేనల్లుడి సంగతి చెప్పాను కదా. వాడికి జాతి వివక్ష అంటే మంట. 2023 జనవరిలో సియాటిల్‌లో పోలీసు కారు దూసుకొచ్చి ఆదోని అమ్మాయి జాహ్నవి కందుల చనిపోయింది. పాతిక మైళ్ళ వేగం దాటకూడని రోడ్డు మీద ఆ కారు డెబ్బై దాటింది. మరో పోలీసు అధికారి ఫోనులో నవ్వుతూ, ఆమె ప్రాణానికి పెద్ద విలువేం లేదన్నట్టు మాట్లాడింది సెప్టెంబరులో బయటపడింది. మేనల్లుడు ఆ రోజు నిద్రపోలేదు. ఫ్యామిలీ గ్రూపులో మనిషి ప్రాణం గురించి వాడు రాసింది చదివి మా అక్క ఏడ్చింది. నేనూ నిజంగానే కదిలిపోయాను. ఆ అధికారిని 2024 జులైలో ఉద్యోగంలోంచి తీసేశాక మిఠాయి బొమ్మలు కూడా పెట్టాడు. అదే గ్రూపులోకి తెనాలి వీడియో వచ్చినప్పుడు వాడు రాసింది ఒక్క ముక్క: "ఎవరు వీళ్ళు మామయ్యా?"

వాణ్ణి అని లాభం లేదు. మామిడి ఊళ్ళో పుట్టినవాడికి గ్రేడింగు రక్తంలో ఉంటుంది. మా షెడ్లలో లోడు దిగగానే గడ్డి మీద కాయలు పోస్తారు. సొన మరకున్నది పక్కకి, మంగు పట్టింది ఇంకో పక్కకి, ట్రేలో పైవరసలోకి నునుపైనవి. కానీ నిజానికి రేటు అంతకంటే ముందే తేలిపోతుంది, ఫలానావారి తోట కాయ అనగానే. మిగతాది తరుగు కోయడానికి చేసే తతంగం.

మనుషుల్ని ఏ తోట కాయో చూసి రేటు కట్టడం తెల్లవాళ్ళు చట్టంగానే రాశారు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి తెచ్చారు. పుట్టుకతోనే దొంగ. ఎరుకలవాళ్ళని బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ చేతిలో పెట్టి హాజరు వేయించుకున్నారు. స్వతంత్రం వచ్చాక 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. రిజిస్టరు చించేశారు గానీ అందులో పేర్లు కంఠతా వచ్చినవాళ్ళని ఏం చెయ్యగలరు? ఇప్పటికీ తోటలో రాత్రికి రాత్రి నాలుగు ట్రేల కాయ మాయమైతే తోట కౌలుదారు బావమరిదిని ఎవరూ అడగరు. కాపలా ఉన్న యానాది కుటుంబాన్ని అడుగుతారు. కాయ కోసుకెళ్ళింది బావమరిది అని పదో రోజు తెలిసినా, అడిగినందుకు ఎవరూ నొచ్చుకోరు.

పోలీసుల తరఫున ఒక్క మాట. మనం అనుకున్నంత చట్టాన్ని మీరేవాళ్ళు కాదు వాళ్ళు. స్టేషన్లలో సీసీ కెమెరాలు పెట్టాలని, మూల మూలా కనబడాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ఆదేశించింది. స్టేషన్లో కొడితే కెమెరా ఉంటుంది. రోడ్డు మీద కెమెరాలు పెట్టమని కోర్టు అనలేదు. అందుకని రోడ్డు మీద కొట్టారు. కోర్టు ధిక్కారమెక్కడ? జనంలో ఒకడు ఫోను పైకెత్తుతాడని పాపం న్యాయమూర్తులే ఊహించలేదు, ఎస్సైలేం ఊహిస్తారు.

ఇంకా వెనక్కి వెళితే డి.కె. బసు కేసు తీర్పుంది, 1996 డిసెంబరుది. అరెస్టు చేసే పోలీసు ఛాతీ మీద పేరు కనబడాలి, ఇంట్లోవాళ్ళకి కబురు చెయ్యాలి, గాయాలుంటే రాసి పట్టుకున్నవాడి చేత సంతకం పెట్టించాలి. అరెస్టు మెమో అక్కడికక్కడే రాసి, కుటుంబ సభ్యుడితో గానీ ఆ ప్రాంతంలో గౌరవనీయుడైన పెద్దమనిషితో గానీ సాక్షి సంతకం చేయించాలి. తీర్పంతా చదివాక నాకు బాగా నచ్చింది ఈ పెద్దమనిషి. ఆయన ఎవరై ఉంటారా అని మా ఊళ్ళో వాకబు చేశాను. వీధికి ఇద్దరు తేలారు. వాళ్ళలో ఒకాయన, "మనోళ్ళు పోలీసుల్ని ఏమీ అనకూడదయ్యా" అని ఏ వీడియో కిందయినా రాసే ఆయనే, అరుగు మీద దొరికితే అడిగాను. రేపు మన సెంటర్లోనే ఎవరినైనా పట్టుకుంటే మెమో మీద సంతకం పెడతారా?

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "సంతకాలూ అవీ ఎందుకులే మాస్టారూ, రేపు కోర్టుల చుట్టూ తిప్పుతారు. వీడియో ఏదన్నా తీస్తే పంపండి, గ్రూపులో పెడతాను."