కూత పెట్టని కుక్కర్రావు

అమెరికాలో పది తెలుగు కుటుంబాలున్న ప్రతి కాలనీలోనూ ఒక కుక్కర్రావు ఉంటాడు. అమ్మానాన్నా పెట్టిన పేరు వేరే ఉంటుంది గానీ, దాన్ని ఇప్పుడు ఆఫీసువాళ్ళు తప్ప ఎవరూ వాడరు. మనం చూడబోయే కుక్కర్రావు సొంతూరు తణుకు. ప్రస్తుత నివాసం పెన్సిల్వేనియాలో ఎక్స్‌టన్. వృత్తి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ప్రవృత్తి కరెంటు ప్రెషర్ కుక్కర్లో పుట్టగొడుగుల రసం కాయడం.

ఈ జబ్బు ఆయనకి ఒక థాంక్స్‌గివింగ్ సేల్లో అంటుకుంది. టీవీ కోసం తెల్లవారకముందే క్యూలో నిలబడి, టీవీలు అయిపోయాయంటే ఉత్త చేతులతో ఇంటికి రాలేక, ఆరు క్వార్టుల కుక్కర్ని చంకనెత్తుకొచ్చాడు. ఆరు క్వార్టులంటే మన లెక్కలో ఐదున్నర లీటర్ల పైమాటే. ఇంట్లో ఉండేది ముగ్గురు.

"పడెయ్యడం, బటన్ నొక్కడం, మర్చిపోవడం. అంతే!" అన్నది ఆయన తారకమంత్రం. ఆ మాటని ఆయన రోజుకి నాలుగుసార్లు అంటాడు. అనేటప్పుడు ఎప్పుడు చూసినా కుక్కర్ ముందే నిలబడి ఉంటాడు.

ఇంటికొచ్చినవాళ్ళు చెప్పులు విప్పేలోగా చరిత్ర మొదలవుతుంది. 1679లో డెనీ పపాన్ అనే ఫ్రెంచివాడు లండన్‌లో మూత బిగించిన గిన్నె తయారు చేశాడనీ, ఎముకలు కూడా మెత్తబడేలా ఉడికించాడనీ, పేలిపోకుండా దానికో బరువు వాల్వు పెట్టాడనీ, 1682లో రాయల్ సొసైటీ పెద్దలు అందులో వండిన విందు ఆరగించారనీ చెబుతాడు. పపాన్ తమకి మేనత్త కొడుకు వరస అన్నంత చనువుగా చెబుతాడు. అక్కణ్ణుంచి ఒక్క గంతులో 2010కి వచ్చేసి, కెనడాలోని ఆటవాలో రాబర్ట్ వాంగ్ అనే కంప్యూటర్ ఇంజనీరు ఇన్‌స్టంట్ పాట్‌ని ఎలా బజారులోకి తెచ్చాడో వివరిస్తాడు. "చూశారా, ఆయనా మనవాడే!" అంటాడు. మనవాడంటే తెలుగువాడని కాదు, సాఫ్ట్‌వేర్‌వాడని. 2023 జూన్‌లో ఆ పాట్ తయారుచేసే సంస్థ దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెళ్ళినప్పుడు కుక్కర్రావు వారం రోజులు గడ్డం గీసుకోలేదు. ఒకటి కొన్నవాడికి మళ్ళీ రెండోది కొనే అవసరం రాకపోవడమూ ఒక కారణమని ఎక్కడో చదివి, తనవంతు సాయంగా ఎనిమిది క్వార్టులది ఇంకొకటి కొన్నాడు.

పప్పూ సాంబారూ వదిలేసి పుట్టగొడుగుల మీద ఎందుకు పడ్డాడంటే, ఊరు అలాంటిది. ఎక్స్‌టన్ నుంచి కారులో అరగంట పైచిలుకు వెళితే కెన్నెట్ స్క్వేర్ వస్తుంది. ప్రపంచ పుట్టగొడుగుల రాజధాని అని తనకి తానే బిరుదిచ్చుకున్న ఊరది. అమెరికాలో పండే పుట్టగొడుగుల్లో సగానికి పైగా పెన్సిల్వేనియావే. 1880లలో అక్కడి పూలతోటల యజమానులు గాజు ఇళ్ళల్లో కార్నేషన్లు పెంచుతూ, బల్లల కింద చీకట్లో జాగా వృథాగా పోతోందే అని బెంగపడి, ఇంగ్లండు నుంచి విత్తు తెప్పించి పుట్టగొడుగులు వేశారు. ఇప్పుడు డిసెంబరు 31 అర్ధరాత్రి ఆ ఊళ్ళో వెలిగే పెద్ద పుట్టగొడుగుని పైనుంచి కిందికి దించి మరీ కొత్త సంవత్సరాన్ని పిలుస్తారు. కుక్కర్రావు ఏటా చలిలో వణుకుతూ వెళ్ళి దానికి చేతులు జోడించి వస్తాడు.

మొదటి సంవత్సరం ఆయన "త్రివేణీ రసం" అని ఒకటి కనిపెట్టాడు. తెల్ల బటన్ పుట్టగొడుగులు, గోధుమరంగు క్రెమినీలు, అరచేయంత పోర్టబెల్లోలు మూడూ మూడు ధరలకి కొని కలిపి కాచేవాడు. మూడిట్లోనూ మూడు రుచులు విడివిడిగా తెలుస్తున్నాయని అతిథుల చేత ఒప్పించేవాడు. తర్వాత ఒకరోజు కెన్నెట్ స్క్వేర్ రైతు ఒకాయన నవ్వుతూ చెప్పాడు: మూడూ ఒకే జాతి, అగారికస్ బైస్పోరస్. క్రెమినీ ముదిరితే పోర్టబెల్లో. ఆ సాయంత్రం నుంచి త్రివేణీ రసం "అద్వైత రసం" అయింది.

అక్టోబరులో తణుకు నుంచి వాళ్ళమ్మ వచ్చింది, ఆరు నెలలు ఉందామని. ఆవిడ వంటిల్లంతా చెవుల్లో ఉంటుంది. పప్పుకి మూడు కూతలు, శనగలకి ఆరు. హాకిన్స్ కుక్కర్ బొంబాయిలో పుట్టిన 1959 తర్వాత మన దేశంలో ఇల్లాళ్ళు గడియారం చూసి వండటం మానేసి కూతలు లెక్కబెట్టడం నేర్చుకున్నారు. పెరట్లో బట్టలారేస్తూ, పక్కింటావిడతో గొడవ పడుతూ కూడా ఆవిడ లెక్క తప్పదు.

"ఒరే, ఇది కూత పెట్టదేంట్రా?" అంది మొదటిరోజే.

"పెట్టదమ్మా. అదే దీని గొప్ప!" అని ఆయన పాఠం ఎత్తుకున్నాడు. స్టవ్ మంటకి ఆగడం తెలీదు; అందుకే మన కుక్కర్ ఒత్తిడి మించినప్పుడల్లా కూతేసి ఆవిరి వదిలేస్తుంది. దీనికైతే లోపల సెన్సరుంది, చాలనుకోగానే హీటర్ని తనే ఆపేస్తుంది. కాకపోతే ఒత్తిడి కాస్త తక్కువ. స్టవ్ మీది కుక్కర్లో వేడి 120 డిగ్రీల దాకా పోతే ఇందులో 115, 118 దగ్గర ఆగుతుంది.

"అంటే ఇది మనదానికంటే మెతకన్నమాట," అని తేల్చి, ఆవిడ హాల్లోకెళ్ళి దూది ముందేసుకుని కూర్చుంది. కార్తీకమాసం దగ్గర పడుతోంది, 365 వత్తులు చెయ్యాలి.

అసలు చిక్కు కార్తీకంలోనే వచ్చింది. నెలంతా ఇంట్లో మాంసం బంద్. ప్రతి కుక్కర్రావుకీ పుట్టగొడుగు విలువ తెలిసేది సరిగ్గా అప్పుడే. ఎండు షిటాకే పుట్టగొడుగుల్ని రాత్రంతా ఫ్రిజ్‌లో చన్నీళ్ళలో నానబెట్టాడు. ఇసుక అడుక్కి దిగనిచ్చి పైతేట గుడ్డలో వడకట్టాడు. అల్లం, మిరియాలు, ఒక ముక్క కొంబు అనే సముద్రపు నాచు వేసి అరగంట ప్రెషర్ పెట్టాడు. పాయా సూపుకి తీసిపోని రంగొచ్చింది.

"తాగి చూడమ్మా. ఇందులో ఉండేది ఉమామి."

"ఉమా మామీనా? మనం మద్రాసులో ఉన్నప్పుడు పక్కవాటాలో ఉండేది, ఆవిడా?"

"ఆవిడ కాదమ్మా. ఉమామి. జపాను రుచి."

"జపానెప్పుడెళ్ళిందిరా? కాలు నెప్పని వీధి చివరిక్కూడా వచ్చేది కాదు."

ఆయన ఓపిగ్గా విడమర్చాడు. 1908లో టోక్యోలో ఇకెడా అనే ప్రొఫెసరు ఆ నాచులో గ్లూటమేట్ కనిపెట్టి, దాని రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. ఎండు షిటాకేలో ఉండేది గ్వానిలేట్. దాని సంగతి 1957లో కునినాక అనే ఆయన తేల్చాడు. ఈ రెండూ ఒకే గిన్నెలో పడితే రుచి కూడిక కాదు, గుణకారమవుతుంది. అమ్మ రెండు గుక్కలు తాగి "బానే ఉంది" అంది. ఆవిడ నోటివెంట అది పద్మశ్రీతో సమానం.

అక్కడితో ఆపితే ఆయన కుక్కర్రావు ఎందుకవుతాడు? "ఇంకో చిత్రం చూడమ్మా, ఎంతసేపు ప్రెషర్లో పెట్టినా ముక్క చితకదు. వంకాయైతే ఈపాటికి గుజ్జయ్యేది. దీని గోడల్లో కైటిన్ ఉంటుంది, వేడికి లొంగదు. రొయ్య పొట్టు ఉంది చూడు, సరిగ్గా అదే పదార్థం!"

అమ్మ గిన్నె పక్కకి నెట్టేసింది. "కార్తీకమాసంలో రొయ్యలు తాగించావుట్రా వెధవా!" అంటూ లేచి తలస్నానానికి వెళ్ళిపోయింది. పుట్టగొడుగు మొక్కా కాదు, జంతువూ కాదు, శిలీంధ్రం అన్న వాదన బాత్రూమ్ తలుపు బయటే ఉండిపోయింది.

కుక్కర్రావు పరాజయాలు కూడా చెప్పుకోదగ్గవే. పుట్టగొడుగులో ఇంచుమించు 90 శాతం నీళ్ళే. స్టవ్ మీద మూత తీసి వండితే అవి ఆవిరైపోతాయి. బిగించిన కుక్కర్లో పోవడానికి దారి లేదు. ఇది తెలీక రెండు గ్లాసులు పోసి పెట్టిన స్టూ చారై తేలింది. నీళ్ళు తగ్గించి, పిండీ టమాటో గుజ్జూ ముందే దట్టించాడు. అడుగంటి, తెరమీద "బర్న్" అని అక్షరాలు వెలిగాయి. ఇప్పుడు దారి దొరికింది. ముందు సాటే బటన్ మీద మూత లేకుండా ముక్కల్ని ఎర్రగా వేయించి, అడుగున అంటుకున్నదాన్ని కాసిని నీళ్ళతో గీకి, అప్పుడు మూత బిగిస్తాడు. పాలూ కొబ్బరిపాలూ కార్న్‌ఫ్లోరూ మూత తీశాకే. పల్చగా ఉంటే మళ్ళీ సాటే మీద మరిగిస్తాడు. "పడెయ్యడం, నొక్కడం, మర్చిపోవడం" మధ్యలో ఇలా పదకొండు మెట్లున్నాయని ఆయన భార్య వేళ్ళమీద లెక్కబెట్టింది.

టైం సంగతి ఇంకా విచిత్రం. పుస్తకంలో 5 నిమిషాలని రాసి ఉంటుంది. నిండా పోసిన చల్లటి నీళ్ళు ప్రెషరెక్కడానికి అరగంట, ఆ 5 నిమిషాలు, తర్వాత ఆవిరి దానంతటది దిగడానికి ఇంకో పాతిక. తొందరపడి వాల్వు తిప్పేస్తే లోపల రసం కుతకుతలాడి మడ్డిగా తయారవుతుంది. ఒకసారి అలా తిప్పితే ఆవిరి సూటిగా పైకి తన్ని, పైకప్పుకి ఉన్న అలారం మోగి, పిల్లాడు హోంవర్కు వదిలేసి ఆనందంగా వీధిలోకి పరిగెత్తాడు. అప్పట్నుంచీ ఆయన ఎక్సెల్ షీట్ రాస్తున్నాడు: ఎక్కిన టైం, ఉడికిన టైం, దిగిన టైం. ఎంత టైం ఆదా అయిందన్న కాలమ్ కూడా పెట్టాడు. అది ఇంకా ఖాళీగానే ఉంది.

ఒక్క విషయంలో మాత్రం తల్లీకొడుకులది ఒకటే మాట. వానలకి ఇంటి వెనక అడవిలో తెల్లగా, ముద్దుగా పుట్టగొడుగులు లేచాయి. ప్రెషర్లో పెడితే విషం చస్తుందేమోనని పక్కింటి కుర్రాడు అడిగాడు. విషపు గొడుగుల్లోని అమటాక్సిన్ ఎంత ఉడికించినా చావదనీ, పోయేది కాలేయమేననీ కుక్కర్రావు చెప్పాడు. "పుట్ట మీదది మనకి తెలుసు. ఈ దేశం గొడుగులు మనకేం తెలుసు? ముట్టుకోకు నాయనా," అని అమ్మ చెప్పింది. కుర్రాడు అమ్మ మాట విన్నాడు.

కార్తీకపౌర్ణమికి రెండు రోజుల ముందు, శనివారం సాయంత్రం. కాలనీలో పాట్‌లక్. ఎనిమిది క్వార్టుల దాంట్లో ఇరవై మందికి రసం. ఉడకడం అయిపోయింది, ఆవిరి దిగాలి. మూతమీద చిన్న పిన్ను కిందికి పడితే గానీ తెరవకూడదు. కుక్కర్రావు ఫోన్ టార్చి వేసుకుని, ముక్కు మూతకి ఆనేలా వంగి, ఆ పిన్ను వంకే చూస్తున్నాడు. పదిహేను నిమిషాలైంది. నడుం పట్టేసింది. ఒక్క క్షణం వీపు నిమురుకుని లాప్‌టాప్ వైపు తిరిగాడు.

హాల్లో సీరియల్ గట్టిగా నడుస్తోంది. అమ్మ తొడమీద వత్తి నులుముతూ, కళ్ళు టీవీ మీంచి తిప్పకుండానే కేకేసింది.

"ఒరే, టక్కుమంది. మూత తియ్యి."

చూస్తే పిన్ను పడిపోయి ఉంది. ఆయన కాసేపు అమ్మనీ కుక్కర్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత ఎక్సెల్‌లో ఇంకో కాలమ్ చేర్చి, పైన "అమ్మ" అని టైపు చేశాడు.

"అలాగే ఆ మూత రబ్బరు ఊడదీసి ఆరబెట్టు," అంది ఆవిడ, మళ్ళీ వత్తి అందుకుంటూ. "పొద్దున్న పరవాన్నం మీ ఉమా మామి వాసనొచ్చింది."